గాలి ఎడమ చేతిది, స్వరం ఇత్తడిది

కర్ణాటక సంగీతం పాడే గాయనిని "మీ శ్రుతి ఎంతమ్మా?" అని అడిగి చూడండి. "ఐదున్నర" అనో "ఆరు" అనో ఠక్కున చెప్తుంది. గాయకుడైతే "ఒకటి", మహా అయితే "రెండు" అంటాడు. ఈ అంకెలు సంగీత శాస్త్రగ్రంథాలు రాసిన శార్ఙ్గదేవుడు చెప్పినవి కావు, వేంకటమఖి చెప్పినవీ కావు. హార్మోనియం మీద తెల్ల మెట్లను వరసగా లెక్కపెడితే వచ్చేవి. మొదటి తెల్ల మెట్టు ఒకటి, దాన్ని ఆనుకుని ఉన్న నల్ల మెట్టు ఒకటిన్నర, తర్వాతి తెల్లది రెండు. మూడో తెల్ల మెట్టుకూ నాలుగో దానికీ మధ్య నల్లది లేదు గనక మూడున్నర శ్రుతిలో పాడేవాళ్లు ప్రపంచంలో ఎక్కడా ఉండరు. కచేరీ వేదిక ఈ పెట్టెను దగ్గరికి రానిచ్చింది చాలా తక్కువ. దాని మెట్ల లెక్క మాత్రం అందరి నోటా నిలిచిపోయింది.

వేదిక రానివ్వకపోతేనేం, పల్లె రానిచ్చింది. తుమకూరు జిల్లా పావగడ తాలూకా వల్లూరునే తీసుకోండి. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకుని ఉన్న తాలూకా అది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వల్లూరు పేరు ఈమధ్య బయట వినిపించింది సౌరవిద్యుత్తు వల్ల. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, వల్లూరు అనే ఐదు ఊళ్ల పొలాల్లో, దాదాపు 13 వేల ఎకరాల్లో, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్న భూమిలో 2,050 మెగావాట్ల పార్కు లేచింది. వానలు మొహం చాటేసే నేల. ఎండ మాత్రం పుష్కలం. ఈ సీమలో ఎండతోపాటు పుష్కలంగా ఉన్నది ఇంకొకటుంది, పౌరాణిక నాటకం. జాతరకో పండక్కో ఊరివాళ్లే వేషాలు కట్టి, రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా ఆడతారు. ఒక ఊళ్లో కన్నడ కురుక్షేత్రం, ఇంకో ఊళ్లో తెలుగు రాయబారం. భాష ఏదైనా రంగస్థలం పక్కన పెట్టె ముందు కూర్చునే మనిషి ఒకడే రకం: హార్మోనియం మాస్టరు. పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి అందించేదీ, రాగం గుర్తుచేసేదీ, పాత్రధారి మాట మరిచిపోతే నాలుగు సంగతులు వాయించి పరువు కాపాడేదీ ఆయనే. నెలల తరబడి తాలీము చేయించేదీ చాలా ఊళ్లలో ఆయనే.

ఈ పెట్టె ఇటువైపు రావడానికి దారి వేసింది నాటక సమాజాలు. పార్సీ, ధార్వాడ కంపెనీలు ఊరూరా తిరిగిన కాలం 19వ శతాబ్దం చివరి పాదం. ఇదే తుమకూరు జిల్లాలోని గుబ్బిలో 1884లో గుబ్బి కంపెనీ పుట్టింది. మరుసటి ఏడు కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో సురభి నాటక వంశం మొదలైంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలోకి పాటలను తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయన ఇంటిపేరైన ధర్మవరానికి పావగడ ఎంతో దూరం కాదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1875లో, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 'ద్వార్కిన్' దుకాణం తెరిచాడు. ఐరోపా హార్మోనియం కుర్చీలో కూర్చుని రెండు కాళ్లతో తొక్కే బీరువా లాంటిది. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ 1840ల ఆరంభంలో దానికి పేటెంటు తీసుకుని పేరు పెట్టాడు. ఘోష్ దాని కాళ్లు తీసేసి, తిత్తిని వెనక్కి తిప్పి, నేలమీద బాసింపట్టు వేసుకుని వాయించే పెట్టెగా మార్చాడు. ఎద్దుల బండిలో పట్టే వాద్యం, మైకు లేని రోజుల్లో ఊరి చివరిదాకా వినిపించే వాద్యం, ఎండకూ వానకూ శ్రుతి పెద్దగా మారని వాద్యం. నాటకం కంపెనీకి ఇంకేం కావాలి? (కంపెనీలు కాలితో తొక్కేదాన్నీ వదల్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని కొందరు మాస్టర్లకు నేటికీ అదే ఇష్టం.)

ఎండకూ వానకూ శ్రుతి మారదన్నాను. అది ఊరికే అన్న మాట కాదు. అక్కడి నుంచే ఈ పెట్టె లోపలికి వెళ్లొచ్చు.

పై పలక ఎత్తి, మెట్ల చట్రం తీసి తిరగేస్తే వరసగా ఇత్తడి పట్టీలు కనిపిస్తాయి. వాటినే రీడ్లంటారు. ఒక్కో పట్టీకి సన్నని, పొడవాటి చీలిక. ఆ చీలిక మీద అంతే కొలతలో కోసిన ఇత్తడి నాలుక. నాలుకకు ఒక కొస పట్టీకి రివెట్‌తో బిగించి ఉంటుంది, రెండో కొస వదులుగా కాస్త పైకి లేచి ఉంటుంది. అంచులకూ చీలికకూ మధ్య సందు వెంట్రుకవాసి. మెట్టు నొక్కితే ఆ రీడు మీది మూత తెరుచుకుంటుంది. తిత్తి ఒత్తిడికి గాలి చీలిక గుండా బయటపడబోతుంది. పోయే గాలి నాలుకను తనతో చీలికలోకి లాక్కుపోతుంది. నాలుక చీలికలో పడగానే దారి మూసుకుపోతుంది, గాలి ఆగుతుంది. ఇత్తడికి స్ప్రింగు గుణం ఉంది గనక నాలుక వెనక్కి ఎగురుతుంది. దారి తెరుచుకుంటుంది, మళ్లీ గాలి. ఇలా సెకనుకు వందల సార్లు. మధ్య స్థాయిలో ఒకటో శ్రుతి షడ్జమానికి ఈ తెరవడం మూయడం సెకనుకు సుమారు 262 సార్లు జరుగుతుంది.

మనకు వినిపించేది ఇత్తడి కంపనం అనుకుంటాం. కాదు. తిత్తి కొట్టకుండా ఆ నాలుకను గోటితో మీటి చూడండి, పక్కవాడికి కూడా వినిపించదు. వినిపించేది గాలి. ధారగా పోవాల్సిన గాలిని నాలుక ముక్కలు ముక్కలుగా నరికి వదులుతోంది, ఆ ముక్కల వరసే స్వరం. నరకడం మెత్తగా కాక ఠక్కుమని జరుగుతుంది కాబట్టి అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, ఐదింతలు, పదింతల పౌనఃపున్యం ఉన్న అనుస్వరాలు దండిగా పుడతాయి. మనిషి చెవి బాగా పసిగట్టేది సెకనుకు వెయ్యి నుంచి నాలుగు వేల కంపనాల మధ్య. ఆ అనుస్వరాలు చాలావరకు వచ్చి పడేది ఆ మేరలోనే. పెట్టె చిన్నదైనా జాతర సందట్లో దాని గొంతు మునిగిపోకపోవడానికి కారణం ఇది. వేణువు మీద మోజున్నవాళ్లకు హార్మోనియం గొంతు కర్కశంగా తోచడానికి కారణం కూడా ఇదే.

ఇలా ఒక కొస బిగించి, రెండో కొస చీలికలో స్వేచ్ఛగా ఆడే నాలుక ఐరోపా సొంత సరుకు కూడా కాదు. చైనాలో 'షెంగ్' అనే వెదురు గొట్టాల వాద్యంలో అది వేల ఏళ్లుగా ఉంది. 1780 ప్రాంతంలో క్రాట్జెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ పెట్టిన పోటీకి అచ్చులు పలికే యంత్రం తయారుచేస్తూ ఇలాంటి నాలుకనే వాడాడు. మాట్లాడే యంత్రం కోసం మొదలైన పని చివరికి మన భజన మందిరానికి వచ్చి చేరింది.

స్వరం ఎంత హెచ్చులో ఉండాలన్నది నాలుక పొడవు, మందం చేతిలో ఉంది. వెడల్పుకు ఆ లెక్కలో చోటు లేదు. మందం రెట్టింపైతే కంపనాలు రెట్టింపు. పొడవు సగమైతే మాత్రం కంపనాలు రెట్టింపు కావు, నాలుగింతలు అవుతాయి. అంటే రెండు స్థాయిలు పైకి. బడిపిల్లలు స్కేలును బల్ల అంచున పెట్టి టుర్రుమనిపించేటప్పుడు కాస్త లోపలికి జరిపితేనే శబ్దం ఎంతో హెచ్చడం ఈ లెక్కవల్లే. శ్రుతి సరిచేసే పనివాడు పొడవు జోలికి పోడు, గీరుడు కత్తి పట్టుకుంటాడు. ఆడే కొస దగ్గర కాస్త గీరితే నాలుక బరువు తగ్గి స్వరం హెచ్చుతుంది. బిగించిన మొదలు దగ్గర గీరితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. తీసేది కంటికి ఆనని పొడి, తేడా చెవికి స్పష్టం. గుజరాత్‌లోని పాలిటానా ఈ రీడ్ల తయారీకి పేరుపడ్డ ఊరు. దుకాణాల్లో "జర్మన్ రీడ్లు" అనే మాట కూడా వినిపిస్తుంది, ఒకప్పుడు దిగుమతి అయిన వాటి గౌరవం ఇంకా మిగిలి ఉంది.

ఇప్పుడు ఎండ సంగతి. వేణువులో పలికేది గొట్టంలోని గాలి స్తంభం. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, స్వరం హెచ్చుతుంది. పది డిగ్రీల తేడాకు వేణువు దాదాపు 30 సెంట్లు కదులుతుంది. (రెండు పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు.) హార్మోనియంలో నిర్ణయం గాలిది కాదు, ఇత్తడిది. వేడికి ఇత్తడి బిగువు రవ్వంత తగ్గుతుంది, అదే పది డిగ్రీలకు మూడు నాలుగు సెంట్లు. రాత్రి పదింటికి వెచ్చగా మొదలైన నాటకం తెల్లవారుజామున చలిలో ముగిసేసరికి వేణువు కిందికి జారుతుంది, మృదంగం మూత అటో ఇటో అవుతుంది. పెట్టె మాత్రం మొదటి పద్యానికి ఎక్కడుందో ఆఖరి మంగళానికీ దాదాపు అక్కడే ఉంటుంది. ఆ కాస్త కదలికా వేణువుకు ఎదురు దిశలో, పైకి.

కొత్తగా నేర్చుకునేవారికి దీని అర్థం ఏమిటి? వయొలిన్ పట్టిన పిల్లవాడు మొదటి ఏడాదంతా స్వరస్థానం కోసం తీగ మీద వెతుక్కుంటాడు. వేణువు పట్టినవాడికి మొదటి రోజుల్లో అసలు శబ్దమే రాదు. హార్మోనియం ముందు కూర్చున్నవాడికి మొదటి నిమిషంలోనే శుద్ధమైన స్వరం పలుకుతుంది. ఎందుకంటే స్వరాన్ని పట్టుకునే కష్టం పాలిటానాలో ఎవరో ముందే పడ్డారు. నేర్చుకునేవాడికి మిగిలింది రెండే పనులు, గాలి, చెవి. చాలామంది ఈ రెండింటినీ వదిలేసి వేళ్ల మీద పడతారు. ఆరు నెలలకు ఏదో సినిమా పాట వస్తుంది, ఆపైన బండి కదలదు.

గాలి సంగతి ముందు చూద్దాం. వెనక కనిపించే తిత్తి నేరుగా రీడ్లకు గాలి ఇవ్వదు. అది తోడేది మాత్రమే. తోడిన గాలి పెట్టె అడుగున ఉన్న రెండో తిత్తిలోకి పోతుంది. దాన్ని స్ప్రింగులు నిరంతరం అదుముతూ ఉంటాయి, రీడ్లకు గాలి పంపేది ఆ అదుము. వెనక చెయ్యి ఆగినా లోపలి నిల్వ కాసేపు స్వరాన్ని నిలబెడుతుంది. ఇది తెలియని కొత్తవాడు ప్రతి స్వరానికీ ఒక దెబ్బ చొప్పున తిత్తి కొడతాడు. ఫలితంగా లోపలి తిత్తి పూర్తిగా నిండిపోతుంది, ఇక స్ప్రింగులకు పని ఉండదు, ప్రతి దెబ్బా నేరుగా రీడుకు తగులుతుంది. స్వరం 'సా... సా... సా' అని ఎగిరెగిరి పడుతుంది. "ఏమప్పా, పెట్టెను కొట్టేదానికి వచ్చినావా, వాయించేదానికి వచ్చినావా?" అని మాస్టరు విసుక్కునేది అప్పుడే. లోపలి తిత్తిని సగానికీ ముప్పాతికకూ మధ్య ఉంచడం, అది తగ్గకముందే నిదానంగా నింపడం, ఇదే ఎడమ చేతి విద్య అంతా. దీనికి కావాల్సిన బలం ఎంత? లోపలి ఒత్తిడి కొన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం, గాలి ఖర్చు సెకనుకు లీటరు లోపే. గుణించి చూస్తే ఎడమ చెయ్యి చేసే పని ఒక వాట్‌కు మించదు. వల్లూరు చుట్టూ సౌర పలకలు పుట్టించే 2,050 మెగావాట్లలో ఇది ఏ మూలకూ చాలదు. అయినా ఊరంతా రాత్రి మేలుకోవడానికి ఇది చాలు.

గట్టిగా గాలి పెడితే శబ్దం పెరుగుతుంది, ఇంకా గట్టిగా పెడితే స్వరం కొద్దిగా దిగుతుంది కూడా. నాలుక మరీ దూరం ఊగడం దీనికి కారణం. మంద్రస్థాయిలో ఇంకో తంటా ఉంది. అక్కడి నాలుకలు పొడవు, బరువు ఎక్కువ, నిద్రలేచి పూర్తి ఊపు అందుకోవడానికి క్షణం పడుతుంది. తారస్థాయిలో మూడో కాలంలో పరిగెత్తే సంగతి మంద్రంలో అంతే వేగంతో వాయిస్తే సగం స్వరాలు నోరు తెరవకముందే మెట్టు మూసేసినట్టవుతుంది. వేళ్లు రావడం లేదని పిల్లలు బెంగపడతారు. అక్కడ తప్పు వేళ్లది కాదు.

అందుకే మొదటి పాఠంగా ఒక్క షడ్జమాన్ని అలలు లేకుండా నిలబెట్టమంటే నేను సంతోషిస్తాను. ఎక్కువమంది మాస్టర్లు సరళీ వరసలతోనే మొదలుపెడతారు, పిల్లలు విసుగెత్తి పారిపోకుండా. అదీ తప్పు కాదు. పురందరదాసు నాటి నుంచీ వస్తున్నదని చెప్పుకునే మాయామాళవగౌళ సంప్రదాయం హార్మోనియానికి ఎంత బాగా అమరిందో చూస్తే ముచ్చటేస్తుంది. ఒకటి శ్రుతిలో స-రి-గ-మ-ప-ద-ని-స అంటే తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు, తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు. నల్ల తెల్ల తేడా లేకుండా మెట్లు లెక్కపెడితే స్వరాల మధ్య దూరాలు 1, 3, 1, తర్వాత 2, మళ్లీ 1, 3, 1. పూర్వాంగం ఎలా ఉందో ఉత్తరాంగం అచ్చం అలాగే. సగం నేర్చుకుంటే రెండో సగం చెయ్యి తనంతట తానే చేసేస్తుంది. పైగా దగ్గరి అంతరం (స-రి), దూరపు అంతరం (రి-గ) రెండూ మొదటి రోజే వేలికి తెలిసిపోతాయి. పియానో పాఠాల్లో మొదట తెల్ల మెట్లనే వరసగా వాయిస్తారు. అది మనకు శంకరాభరణం. దానికీ సౌష్ఠవం ఉంది గానీ నల్ల మెట్ల భయం మాత్రం పోదు.

ఇక షడ్జమాన్ని రెండు శ్రుతికి జరపండి. అదే రాగం, అవే దూరాలు, కానీ రంగులు మారిపోతాయి: తెలుపు, నలుపు, నలుపు, తెలుపు, తెలుపు, నలుపు, నలుపు, తెలుపు. కొత్తవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే అప్పటిదాకా నేర్చుకున్నది రంగుల్ని, దూరాల్ని కాదు. నాటకంలో ఇది తప్పనిసరి విద్య. కృష్ణుడు ఒక శ్రుతిలో దిగి పద్యం పాడి వెళ్తాడు. ద్రౌపది మరో శ్రుతిలో వస్తుంది. దుర్యోధనుడికి ఆ రోజు గొంతు బాగాలేదు, అర మెట్టు దించమని సైగ చేస్తాడు. మాస్టరు వేళ్లు అప్పటికప్పుడు ఇల్లు మారాలి. మెట్ల చట్రాన్నే పక్కకు జరిపే స్కేల్ ఛేంజర్ పెట్టెలు ఉన్నాయి, వేళ్లు అవే చోట ఉంటాయి, రీడ్లు మారతాయి. సౌకర్యమే. కానీ మొదట్లోనే అది కొంటే దూరాల జ్ఞానం ఎప్పటికీ రాదని నా అనుమానం.

ఏ మెట్టును పడితే ఆ మెట్టును షడ్జమం చేసుకోవచ్చు. ఈ సౌకర్యం ఊరికే రాలేదు. స్థాయిలోని 12 అంతరాలనూ సరిసమానం చేశారు, ప్రతి మెట్టూ కిందిదానికి 1.0595 రెట్లు. సహజంగా చెవికి ఇంపైన అంతరాలు ఈ సమాన పంపకానికి ఒప్పుకోవు. తంబూరా తీగలో వినిపించే అంతర గాంధారం షడ్జమానికి 5/4 రెట్లు, అంటే 386 సెంట్లు. పెట్టెలో గాంధారం 400 సెంట్లు. 14 సెంట్లు హెచ్చు. పంచమం మాత్రం 702కు బదులు 700, ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు.

దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు. సమంగా శ్రుతి చేసిన పెట్టె మీద మధ్యస్థాయి ఒకటి శ్రుతి షడ్జమాన్ని, పంచమాన్ని కలిపి నొక్కి గాలి నిలకడగా ఇవ్వండి. శబ్దం సెకనుకు ఒకసారి చొప్పున మెల్లగా ఊగుతుంది. ఇప్పుడు షడ్జమాన్ని, అంతర గాంధారాన్ని కలిపి నొక్కండి. శబ్దంలో ఒక గరగర, సెకనుకు పది సార్లు. షడ్జమపు ఐదో అనుస్వరమూ గాంధారపు నాలుగో అనుస్వరమూ ఒకదాని మీద ఒకటి పడాల్సినవి కొంచెం పక్కకు తప్పుకున్నాయి. 1308కీ 1318కీ ఉన్న తేడాయే ఆ పది. ఇందాక జాతరలో గొంతు పైకి తేలడానికి సాయపడ్డ అనుస్వరాలే ఇక్కడ తప్పును చాటింపు వేస్తున్నాయి. 1863లో ధ్వనిశాస్త్రం మీద గొప్ప గ్రంథం వెలువరించిన హెల్మ్‌హోల్ట్జ్ సమంగా శ్రుతి చేసిన హార్మోనియాన్ని అందుకే తీవ్రంగా ఏవగించుకున్నాడు. తన ప్రయోగాలకు సహజ అంతరాలతో ప్రత్యేకంగా ఒకటి చేయించుకున్నాడు. మన దగ్గర ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో దేవల్, క్లెమెంట్స్ 'శ్రుతి హార్మోనియం' కోసం పాటుపడ్డారు. మన కాలంలో ఠాణేకు చెందిన డాక్టర్ విద్యాధర్ ఓక్ 22 శ్రుతుల పెట్టె రూపొందించారు. ఇవేవీ ఊళ్లలోకి రాలేదు. ఊరికి కావాల్సింది శ్రుతి మార్చుకునే వీలు. గాంధారంలో గరగరను అది సహించింది.

రేడియో సహించలేదు. ఆలిండియా రేడియో 1940 మార్చి 1 నుంచి హార్మోనియాన్ని ప్రసారాల్లోంచి బహిష్కరించింది. అప్పటి అధిపతి లయొనెల్ ఫీల్డెన్. ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ అంతకుముందే దాని మీద ఘాటుగా రాశాడు, టాగూరుకూ అది గిట్టేది కాదు. స్వాతంత్ర్యం వచ్చినా నిషేధం పోలేదు. 1971లో కొంత సడలింది. విమర్శలో పస లేదని అనను. తోడి గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, అది ఊగులాట. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ లేని పెట్టె దాన్ని ఎలా పలుకుతుంది? రెండు మెట్లను త్వరగా మార్చి మార్చి నొక్కి భ్రమ కల్పించగలరు, అంతే. కానీ గొడ్డలి సరిగా కుట్టడం లేదని పారేసినట్టుంది ఆ తీర్పు. రంగస్థల పద్యం గమకం మీద నిలబడదు. సాగదీసిన ఒక స్వరం, దాని చివర జలజలా రాలే సంగతులు, ఆపైన "వన్స్‌మోర్" కేకలు. మోహన, బేహాగ్, బిలహరి, భీంపలాస్ వంటి రాగాల్లో ఈ సంగతులు విడివిడి స్వరాలుగానే పరిగెత్తుతాయి, మెట్ల మీద చక్కగా దొర్లుతాయి. పద్యం పాడే బాణీ అలా రూపుదిద్దుకోవడంలో పక్కనే ఉన్న ఈ పెట్టెకు పెద్ద వాటా ఉందని నేను నమ్ముతాను. గాయకుడు విన్నదే గదా గొంతులోకి వచ్చేది.

చెవి సంగతికి వద్దాం. పెట్టె ఎప్పుడూ సరిగ్గానే పలుకుతుంది గనక నేర్చుకునేవాడు వినడం మానేసే ప్రమాదం ఉంది. మందు ఒకటే, నోటితో పాడుతూ వాయించడం. ముందు పాడి, తర్వాత మెట్టు నొక్కి సరిచూసుకోవడం ఇంకా మంచిది. ముందుగా నొక్కితే గొంతు దానికి అతుక్కుపోతుంది, చెవికి పరీక్షే ఉండదు. మీ సొంత శ్రుతి ఏదో కనుక్కోవడానికీ ఇదే దారి. మంద్ర పంచమం దాకా దిగగలగాలి, తార పంచమాన్ని గొంతు చించుకోకుండా అందుకోగలగాలి. రెండూ కుదిరే మెట్టు మీది. ఆడవాళ్లకు అది ఐదు, ఆరు దగ్గర పడుతుంది, మగవాళ్లకు ఒకటి, రెండు దగ్గర. పెద్ద నటుడు నాలుగులో పాడాడని మీరూ నాలుగెత్తుకోకండి.

వేళ్ల గురించి తక్కువే చెప్తాను, ఎదురుగా కూర్చుని చూపించాల్సిన విద్య అది. బొటనవేలిని కిందినుంచి దూర్చి చెయ్యి జరపడం, నల్ల మెట్లకు పొడవైన వేళ్లు వాడడం, మెట్టును పూర్తిగా అడుగుదాకా నొక్కడం. సగం నొక్కితే మూత సగమే తెరుచుకుని స్వరం నీరసంగా వస్తుంది. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. ఊళ్లో తాలీముకు పోయి మాస్టరు వెనక కూర్చుని చూడడం అన్నిటికంటే మేలు. పద్యం పాడేవాడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ దుముకుతాడో ముందే తెలియదు. మాస్టరు వేళ్లు అర క్షణం వెనకబడి నడుస్తాయి, పాదం విరిచిన చోట ఖాళీని తమ వాక్యంతో నింపుతాయి. ఏ పుస్తకంలోనూ ఆ అర క్షణం దొరకదు.

కొనేవాళ్లకు రెండు మాటలు. పెట్టె మీద 'బాస్', 'మేల్', 'ఫిమేల్' అనే పేర్లు వినిపిస్తాయి, అవి ఒక్కో స్థాయికి అమర్చిన రీడ్ల వరసలు. మొదటి పెట్టెకు రెండు వరసలు చాలు. ఒకే స్వరానికి రెండు రీడ్లు పలికేటప్పుడు అవి ఖచ్చితంగా కలవాలి. 262, 264 అయితే సెకనుకు రెండు సార్లు శబ్దం ఊగుతుంది. కొందరు దాన్ని తీపి అనుకుని కావాలనే అలా పెట్టిస్తారు. నేర్చుకునే చెవికి అది మంచిది కాదు. 37 మెట్లంటే మూడు స్థాయిలు, 42 అంటే మూడున్నర. కప్లర్ ఉంటే ఒక మెట్టు నొక్కగానే పై స్థాయి మెట్టు కూడా దిగుతుంది, కొత్తవాళ్లకు అక్కర్లేదు. ఏదైనా స్వరం ఉన్నట్టుండి మూగబోతే తొంభై పాళ్లు నాలుక సందులో దుమ్ము. పావగడ వేసవిలో దుమ్ముకు కొదవా? పలుచని కాగితాన్ని నాలుక కింద నెమ్మదిగా జరిపితే పోతుంది. గుండుసూదితో కెలకొద్దు.

పాత పెట్టె బేరమాడుతుంటే రీడ్ల కంటే ముందు గాలి చూడండి. ఎండకు చెక్క బీటలు వారుతుంది, తిత్తి మడతల్లో ఎలుకలు కొరుకుతాయి, మూతల కింది తోలు గట్టిపడుతుంది. ముందువైపు గాలి దారులు తెరిచే మీటలన్నీ మూసి, ఒక్క మెట్టూ నొక్కకుండా తిత్తి కొట్టి వదిలేయండి. బాగున్న పెట్టె నిండిన గాలిని బిగపట్టుకుని ఉంటుంది. చెయ్యి తీయగానే చప్పబడిపోయినా, మీటలు తెరిచాక నొక్కని మెట్టు ఏదైనా తనంతట తానే మూలిగినా, మరమ్మతు ఖర్చు మినహాయించి ధర చెప్పండి.